కట్ట కింద ఊరు

జాతీయ ఆనకట్టల భద్రతా చట్టం పది మీటర్ల ఎత్తు దాటిన ఆనకట్టలనే లెక్కలోకి తీసుకుంటుంది. ఖమ్మం జిల్లా ఏన్కూరు లాంటి అడవి అంచు మండలాల్లో ఊళ్ల ఎగువన ఉన్నవి ఎక్కువగా అంతకన్నా చిన్న మట్టికట్టలే. కొన్ని సర్కారువి, కొన్ని పట్టాదారులవి. వానలు మొదలయ్యేలోపు వాటిని చూసి పెట్టేదెవరు?

2024 జులై 18న అశ్వారావుపేట అడవుల్లో పడింది మామూలు వాన కాదు. గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టులోకి వచ్చిపడుతున్న వరద, దాని మూడు గేట్లు వదలగలిగిన నీటిని దాటిపోయింది. ఆ మూడింటిలోనూ ఒకటి అవసరానికి లేవలేదు. నీటిమట్టం పెరిగి పెరిగి కట్ట మీదుగా పొర్లింది. మట్టికట్ట మీద నీరు పొర్లడం మొదలయ్యాక ఊళ్లకు కబురు పంపడం తప్ప మనిషి చేయగలిగింది పెద్దగా ఉండదు. ఆ రాత్రి కట్ట తెగింది. దిగువన గుమ్మడవల్లి, కొత్తూరు, ఆ కింద ఆంధ్రప్రదేశ్‌లోని వేలేరుపాడు మండలం ఊళ్లు. ఇళ్లు, పశువులు, పైరు నీళ్లపాలయ్యాయి. అప్పటికే వరద మధ్య చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో బయటికి తేవాల్సి వచ్చింది. నీరు తీశాక పొలాల్లో ఇసుక మేటలు మిగిలాయి.

పెద్దవాగు కట్టినప్పుడు కట్టా, ఆయకట్టూ ఒకే ఖమ్మం జిల్లాలో ఉండేవి. 2014లో పోలవరం ముంపు పేరుతో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. కట్ట తెలంగాణలో ఉండిపోయింది. సుమారు 16 వేల ఎకరాల ఆయకట్టులో చాలా భాగం ఆ రాష్ట్రానిదయింది. 2021లో కేంద్రం ఇచ్చిన గెజిట్‌తో ప్రాజెక్టు గోదావరి నదీ యాజమాన్య బోర్డు పరిధిలోకి చేరింది. అంటే కట్ట ఒక రాష్ట్రంలో, పొలం ఇంకో రాష్ట్రంలో, పెత్తనం మూడోచోట. మరమ్మతు ఖర్చులో ఎవరి వాటా ఎంత, డబ్బు ముందు ఎవరు పెట్టాలి అన్న ఉత్తరాలు నడుస్తుండగానే వానాకాలాలు వచ్చి పోయాయి.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి వేయించిన శాసనం అది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతూనే, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరసగా చెబుతుంది. ఆ దోషాల్లో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. ఇంకొకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. మిగతావి చౌడు నేల, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కిందటి మనవాళ్లు ఉప్పు నేలతో, కారే కట్టతో సమానంగా సరిహద్దును కూడా దోషాల జాబితాలో రాశారంటే, ఎవరిదో తేలని చెరువు ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూసి ఉండాలి.

గుమ్మడవల్లిలో కనీసం గేట్లున్నాయి, ఇంజినీర్లున్నారు, బోర్డు ఉంది, ఫైలు ఉంది. ఇవేవీ లేని కట్టల సంగతి చూడటానికి ఏన్కూరు రావాలి.

అడవికీ ఆయకట్టుకూ మధ్య

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో ఉంటుంది ఏన్కూరు. ఒక పక్క అడవి, గుట్టలు. ఇంకో పక్క మిర్చి, పత్తి చేలు. ఊళ్ల మధ్య లంబాడా తండాలు, కోయగూడేలు. నేల ఒకే తీరున చదునుగా ఉండదు. గుట్ట మీద పడిన వాన ఒర్రెల్లోంచి వాగుల్లోకి, వాగుల్లోంచి ఏటిలోకి గంటల్లో దిగిపోతుంది. నీరు నిలవాలంటే అడ్డం కట్టాల్సిందే. అందుకే ఇక్కడ ప్రతి వాలులోనూ ఏదో ఒక కట్ట కనిపిస్తుంది.

ఆ కట్టలన్నీ ఒక తీరువి కావు. నీటిపారుదల శాఖ చెరువులు కొన్ని. పంచాయతీ కుంటలు కొన్ని. అటవీశాఖ తవ్వించిన ఊట కుంటలు అడవి లోపల. ఇవిగాక పట్టాభూముల్లో రైతులు సొంత ఖర్చుతో ఒర్రెకు అడ్డం పోయించుకున్న కట్టలు. తోటకు తడి కోసం ఒకరు, చేపల కోసం ఒకరు, బోరులో నీళ్లు పైకి వస్తాయని ఇంకొకరు. ఈ కట్టలు వేయడం తప్పని నేను అనను. మెట్టలో నీటిబొట్టు ఆపినవాడు పదిమందికి మేలు చేసినవాడే. పాతకాలంలో సర్కారు కూడా అలాగే చూసింది. సొంత డబ్బుతో చెరువు కట్టినవారికి, బాగుచేసినవారికి ఆయకట్టు రాబడిలో ఒక వంతు ఇనాముగా ఇచ్చే దశబంధం పద్ధతి మన సీమల్లో ఉండేది. బయ్యారం చెరువు కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించింది. చెరువు కట్టించడం పుణ్యమన్న మాట ఈ నేలలో ఇప్పటికీ చెల్లుతుంది.

దశబంధంలో ఒక షరతు మాత్రం ఉండేది. ఇనాము అనుభవించినన్నాళ్లూ కట్టను కాపాడే బాధ్యత కూడా అనుభవించేవాడిదే. కట్ట పాడుబెడితే ఇనాము పోయేది. ఇవాళ పట్టాభూమిలో కట్ట పోసుకున్నవాడి మీద అలాంటి బాధ్యత ఏదీ రాసిపెట్టి లేదు.

దేశంలో తొలిసారి జరిగిన జలవనరుల గణన నివేదిక 2023లో వచ్చింది. చెరువులు, కుంటలు, చెక్‌డ్యాములు అన్నీ కలిపి 24 లక్షల 24 వేలు తేలాయి. అందులో 55 శాతానికి పైగా ప్రైవేటు యాజమాన్యంలోనివి. చెరువు అనగానే సర్కారు గుర్తొచ్చే మనకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది. గణన వాటిని లెక్కపెట్టింది. వాటి కట్టలు ఎంత గట్టివో, కింద ఎన్ని ఇళ్లున్నాయో చెప్పడం ఆ గణన పని కాదు. ఆ పని ఇంకెవరికీ అప్పగించనూ లేదు.

కట్ట ఎలా తెగుతుంది

మట్టికట్టకు మూడు రకాల చావు. మొదటిది పెద్దవాగుకు వచ్చిందే. అలుగు మోయలేనంత వరద వచ్చి నీరు కట్ట మీదికెక్కుతుంది. వెలుపలి వాలు మీద దిగే నీరు ముందు కాలివేళ్లంత సందు కోస్తుంది. ఆ సందు కింది నుంచి పైకి, వెలుపలి నుంచి చెరువు వైపుకు కోసుకుంటూ వస్తుంది. కట్ట తల తెగిన క్షణం నుంచి చెరువంతా ఆ గండి గుండానే పోవాలని చూస్తుంది. గంటలోపే గండి పదుల మీటర్లవుతుంది. రాయికీ సిమెంటుకూ కొంత ఓర్పు ఉంటుంది. మట్టికి నీరు తన మీదుగా పోవడాన్ని తట్టుకునే గుణమే లేదు. అందుకే మట్టికట్ట ప్రాణం కట్టలో కాదు, అలుగులో ఉంటుంది. అలుగు వెడల్పు, దాని ముందు అడ్డం లేకుండా ఉండటం, కట్ట తలకూ అలుగు మట్టానికీ మధ్య మిగిలే ఎత్తు ఈ మూడూ సరిగా ఉంటే కట్ట బతుకుతుంది.

ఊళ్లలో ఏం జరుగుతోంది? ఇంకో తడికి నీళ్లు మిగులుతాయని అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. ఏడాది గడిస్తే బస్తాల బదులు సిమెంటు గోడ లేస్తుంది. చేపపిల్లలు కొట్టుకుపోకుండా అలుగుకు అడ్డంగా వల కడతారు. వరదతో వచ్చే ఆకూ అలమూ తుంగా ఆ వలకు పట్టుకుని గోడ అయి కూర్చుంటుంది. అలుగు కింద వాగు దారిలో ఒకరు పొలం చేస్తారు, ఒకరు ఇల్లు కడతారు. వీటిలో దేని వెనకా దురుద్దేశం లేదు. కానీ ఒక్కొక్కటీ కట్టకు ఉన్న ఒకే ఒక్క ఊపిరిదారిని మూస్తోంది.

రెండో చావు లోపలి నుంచి వస్తుంది. ఏ మట్టికట్టయినా కొంత నీరు ఊరుతుంది. ఆ ఊట తేటగా, పెరగకుండా ఉన్నంతవరకు సాధారణంగా కట్టకు ప్రమాదం లేదు. నీటితో పాటు మట్టి కూడా బయటికి వస్తూ ఊట రంగు మారిందంటే కట్ట లోపల దారి పడుతున్నదని అర్థం. ఆ దారి వెలుపలి నుంచి లోపలికి, చెరువు నీటి వైపుకు పెరుగుతుంది. అది చెరువును ముట్టిన రోజు బుంగ పడుతుంది. ఎండ్రకాయల బొరియలు, పందికొక్కుల కన్నాలు, ఎండిపోయిన తుమ్మచెట్టు వేరు కుళ్లగా మిగిలిన సొరంగం, తూము గోడను ఆనుకుని సరిగా కుదరని మట్టి ఇవన్నీ ఆ దారికి మొదళ్లు. 2019 జులైలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని తివరే అనే చిన్న మట్టి ఆనకట్ట తెగి ఇరవై మంది దాకా చనిపోయారు. కట్ట కారుతున్నదని ఊరివాళ్లు ముందే చెప్పారు. తెగాక, ఎండ్రకాయలు తొలచడం వల్ల తెగిందని ఒక మంత్రి అన్నారు. ఎండ్రకాయలు నిజంగానే తొలుస్తాయి. తొలిచిన కన్నాన్ని పూడ్చాల్సింది మనుషులు.

మూడోది కట్ట జారడం. నానిన వెలుపలి వాలు ఒక పెళ్లగా కిందికి కూర్చుంటుంది. ముందుగా కట్ట తల మీద పొడవునా పగులు కనిపిస్తుంది. కట్ట వెంబడి పడిన ఆ పగులును చూసి భయపడాలి; అడ్డంగా పడిన పగులును చూసి కూడా, అది నీటికి కట్ట గుండా దారి ఇస్తుంది.

పాత కట్టలకు చివరి రెండింటినీ తట్టుకునే పద్ధతి ఉండేది. మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, పశువులను తొక్కించి, లోపలి వాలుకు రాతిపేర్పు వేసేవారు. ఇప్పటి సొంత కట్టలను జేసీబీ, రెండు ట్రాక్టర్లు కలిసి రెండు రోజుల్లో పోసేస్తున్నాయి. దగ్గరలో ఏ మట్టి ఉంటే అదే. తడపరు, రోలర్ తిప్పరు. మట్టి గడ్డలు గడ్డలుగా పడి, మధ్యలో గాలి సందులు అలాగే ఉంటాయి. తూము స్థానంలో ఒక ప్లాస్టిక్ పైపు. అలుగు అసలే ఉండదు. పక్కన నేల పల్లంగా ఉంటే అటు పోతుందిలే అన్న నమ్మకం. మొదటి రెండేళ్లు వానలు తక్కువ పడితే ఆ నమ్మకం గట్టిపడుతుంది కూడా.

పది మీటర్ల గీత

గుజరాత్‌లోని మోర్బీ నుంచి మన రాజంపేట దాకా ఆనకట్టలు తెగిన దశాబ్దాల అనుభవం తర్వాత, 2021 డిసెంబరులో మన దేశానికి ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. అది అమల్లోకి రావడానికి నెలన్నర ముందే, నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడ కూడా ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు.

చట్టం మంచిదే. ఆనకట్ట యజమాని ప్రభుత్వమైనా, కంపెనీ అయినా, ప్రైవేటు వ్యక్తి అయినా బాధ్యత ఒకటే అంది. వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి తనిఖీ చేయమంది. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారుచేయమంది. ఐదేళ్లలోపు సమగ్ర పరీక్ష చేయించమంది. అధికారులను అడ్డుకున్నా, ఆదేశాలు పాటించకపోయినా ఏడాది దాకా జైలు, దానివల్ల ప్రాణాలు పోతే రెండేళ్ల దాకా అని రాసింది. దేశానికి ఒక భద్రతా ప్రాధికార సంస్థ, రాష్ట్రానికొక సంస్థ ఏర్పడ్డాయి.

అయితే ఇదంతా పదిహేను మీటర్ల ఎత్తు దాటిన ఆనకట్టలకు. పది నుంచి పదిహేను మీటర్ల మధ్యవాటికైతే అదనపు షరతులున్నాయి: కట్ట పొడవు 500 మీటర్లుండాలి, లేదా పది లక్షల ఘనపు మీటర్ల నీరు పట్టాలి, లేదా సెకనుకు రెండు వేల ఘనపు మీటర్ల వరద వదలాలి, లేదా పునాదిలోనో నమూనాలోనో ఏదైనా చిక్కు ఉండాలి. పది మీటర్ల లోపు కట్టకు ఈ చట్టంలో చోటే లేదు. పది మీటర్లంటే ముప్పై మూడు అడుగులు. మూడంతస్తుల మేడ ఎత్తు. మన కుంట కట్టలు పదిహేను, ఇరవై అడుగులు దాటవు. చట్టం కిందికి వచ్చే ఆనకట్టలు దేశమంతటా కలిపి ఆరు వేల పైచిలుకు. తెలంగాణలో ఒక్క మిషన్ కాకతీయ లెక్కల ప్రకారమే చెరువులు 46,531.

ఎత్తు తక్కువ కదా అని ఊరుకోవడానికి లేదు. పదెకరాల కుంటలో సగటున రెండు మీటర్ల నీరు నిలిస్తే అది 80 వేల ఘనపు మీటర్లు, అంటే 80 వేల టన్నుల బరువు. చీకట్లో, అరగంటలో, ఒకే గండి గుండా అంత నీరు దిగితే కింద తండా ఏమవుతుందో ఊహించడానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు.

బ్రిటన్‌లో గీత వేరేచోట గీశారు. 1925లో వేల్స్‌లోని డోల్గారోగ్ ఊరి మీదికి రెండు ఆనకట్టలు ఒకదాని తర్వాత ఒకటి తెగిపడి పదహారుమంది చనిపోయారు. ఆ ఆనకట్టలు ఒక అల్యూమినియం కంపెనీవి. ఆ దెబ్బతో 1930లో జలాశయాల భద్రతా చట్టం వచ్చింది. తర్వాత వచ్చిన 1975 చట్టంలోనూ కొలమానం ఎత్తు కాదు, నీటి పరిమాణం: నేల మట్టం కన్నా పైన 25 వేల ఘనపు మీటర్లకు మించి నిలిపే జలాశయం ఎవరిదైనా సరే, అర్హుడైన ఇంజినీరు పర్యవేక్షణలో ఉండాలంది. వేల్స్ తర్వాత దాన్ని పది వేలకు తగ్గించింది. ఆ కొలత మనకు పెడితే, మనం చెప్పుకున్న పదెకరాల కుంట అందులోకి సులువుగా వస్తుంది.

సొంత కట్ట, ఊరి ప్రాణం

ప్రైవేటు మట్టి ఆనకట్ట చేసిన ఘోరాల్లో పెద్దది అమెరికాది. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ అనే ఆనకట్టను సంపన్నుల వేట, చేపల క్లబ్బు ఒకటి కొనుక్కుంది. అడుగున నీరు వదిలే ఇనుప గొట్టాలను అంతకుముందు యజమాని తీసి అమ్ముకున్నాడు. క్లబ్బు మళ్లీ వేయించలేదు. బండ్లు పోవడానికి వీలుగా కట్ట తల తగ్గించారు. ఖరీదైన చేపలు పోకుండా అలుగు దగ్గర జాలీలు పెట్టారు. 1889 మే 31న కుండపోత వానకు ఆ జాలీలకు చెత్త పట్టుకుంది, తగ్గించిన కట్ట మీదుగా నీరు పొర్లింది. దిగువన జాన్స్‌టౌన్ పట్టణంలో 2,209 మంది చనిపోయారు. ఏ కోర్టూ క్లబ్బును బాధ్యురాలిని చేయలేదు. అలుగుకు వల కట్టే మన చేపల చెరువులవాళ్లు ఈ ఒక్క కథ వింటే చాలని నాకనిపిస్తుంది.

అది పాత కథ అనుకుంటే, కెన్యాలో సొలై అన్నచోట 2018 మే 9 రాత్రి ఒక తోట యజమాని కట్టుకున్న మట్టి ఆనకట్ట తెగి నలభై మందికి పైగా పోయారు. చాలామంది పిల్లలు. ఆ ఆనకట్టకు అనుమతి లేదన్న సంగతి తెగాకే బయటపడింది.

మన దగ్గర సొంత కట్టగా మొదలై సర్కారుదయిన కట్ట ఒకటుంది. వనపర్తి సంస్థానాధీశుడు రామేశ్వరరావు తన తల్లి పేరిట తలపెట్టిన సరళాసాగర్. 1949లో పని మొదలై 1959లో పూర్తయింది. నీరు ఒక మట్టం దాటగానే తనంతట తానే తెరుచుకునే సైఫన్లతో కట్టిన దాన్ని చూడటానికి దూరాల నుంచి వచ్చేవారు. ఆ సైఫన్లకు ఏమీ కాలేదు. 2019 డిసెంబరు 31న, వాన చినుకు లేని రోజున, మట్టికట్టకు గండి పడింది. ఏళ్ల తరబడి సరిగా నిండని చెరువు కాలువ నీళ్లతో ఆ ఏడు నిండింది. ఎండి, పగిలి, కలుగులు పడిన కట్ట మీద ఒక్కసారిగా నిండు నీటి బరువు పడింది.

ఏన్కూరు వాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. సీతారామ ఎత్తిపోతల పంపులు 2024 ఆగస్టు 15న పూసుగూడెంలో ప్రారంభమయ్యాయి. ఆ తర్వాత ఏన్కూరు లింకు కాలువ మీదుగా గోదావరి నీరు సాగర్ కాలువలోకి, వైరా వైపు ఆయకట్టుకు చేరడం మొదలైంది. దశాబ్దాలు ఎక్కువగా వానను నమ్ముకున్న నేలకు నది నడిచి వచ్చింది. ఇది పండగే. కాలువ నీరు చెరువుల్లోకి మళ్లే కొద్దీ, వానాకాలంలో రెండు నెలలు నిండి తర్వాత ఎండే కట్టలు ఏడాది పొడవునా నిండుగా నిలబడాల్సి వస్తుంది. అందుకు అవి సిద్ధంగా ఉన్నాయో లేదో నీరు వదిలేముందే చూడాలి. కాలువకు పెట్టిన ఖర్చులో కొద్ది భాగం పెడితే ఆ పని జరుగుతుంది.

నీరటి లేని చెరువు

ఒకప్పుడు ఇది చూసే మనిషి ఊళ్లోనే ఉండేవాడు. నీరటి. తూము తీయడం, మూయడం, మడి మడికీ నీరు పారించడం అతని పని అని అందరికీ తెలుసు. కట్ట మీద రోజూ నడవడం కూడా అతని పనే. ఎక్కడ చెమ్మ కొత్తగా కనిపించింది, ఏ చెట్టు ఒరిగింది, ఏ కన్నం పెద్దదయింది అతనికి తెలిసేది. వాన రాత్రి కట్ట మీద లాంతరు పట్టుకుని ఉన్నది అతనే. ఇందుకు అతనికి కొంత మాన్యం, కళ్లం దగ్గర కొన్ని కుంచాల ధాన్యం దక్కేవి. కులం పేరుతో కట్టిపడేసిన చాకిరీ అది. ఆ వ్యవస్థ అలాగే తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. 1984లో పటేల్ పట్వారీలు పోయాక గ్రామ సేవకులు గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. 2023లో ఇరవై వేల పైచిలుకు సహాయకులను తెలంగాణ ప్రభుత్వం పక్కా ఉద్యోగులను చేసి వేరే శాఖల్లో సర్దింది. వాళ్లకు న్యాయం జరిగింది. కట్ట మీద నడిచే పని మాత్రం ఎవరి జాబ్ చార్టులోకీ ఎక్కలేదు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు పేరుకు మిగిలాయి.

పట్టాభూమి కట్ట మీదికి ఇరిగేషన్ ఏఈ పోలేడు. అది అతని రిజిస్టర్‌లో లేదు. పంచాయతీ కార్యదర్శి పోలేడు; పన్ను వేసే ఆస్తి కాదు. వాల్టా చట్టం బోర్లు, చెట్లు, ఆక్రమణల గురించి మాట్లాడుతుంది కానీ పట్టాదారు పోసిన కట్ట బిగువును ఎవరు కొలవాలో చెప్పదు. ఎగువ కుంట తెగితే దాని నీరు దిగువ చెరువు మీద పడుతుంది, అదీ తెగితే ఆ కింది చెరువు మీద. గొలుసుకట్టు చెరువులు కట్టిన కాకతీయుల నేల మీద ఒక లంకె బలహీనపడితే గొలుసంతా తెగుతుందని వేరే చెప్పాలా?

రైల్వేకు తెలిసింది, ఊరికి తెలియాలి

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ వాగులో పడిపోయింది. ఎగువన ఒక చిన్న చెరువు తెగి, ఆ నీరు రైలు వంతెనను కొట్టుకుపోయింది. 114 మంది చనిపోయారు. కట్ట దగ్గరున్నవాళ్లు కాదు వాళ్లు. ఆ చెరువు పేరు కూడా వినని, రేపల్లె నుంచి సికింద్రాబాద్‌కు టికెట్ కొనుక్కున్న మనుషులు.

రైల్వేలో ఒక రిజిస్టర్ ఉంటుంది. పట్టాలకు ఎగువన ఉండి, తెగితే లైనుకు దెబ్బ తగిలే చెరువుల జాబితా అది. ఏటా వానలకు ముందు రైల్వే ఇంజినీరు, రాష్ట్ర ఇంజినీరు కలిసి వాటిని చూడాలన్నది నియమం. చెరువు ఎవరిదని కాదు, ఎంత ఎత్తని కాదు. తెగితే ఎవరి మీద పడుతుందన్నదే అక్కడ కొలమానం. అన్నిచోట్లా ఆ నియమం సరిగా నడుస్తుందని కాదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ వైపు ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన బొమ్మ మనందరం చూశాం. కానీ ఆలోచన సరైనది. ఇనుప పట్టాలకు ఉన్న ఆ రిజిస్టర్ మట్టి ఇళ్లకు ఎందుకు ఉండకూడదు?

ఇన్ని వేల చెరువులను ఎవరు చూస్తారని ఇంజినీర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్నిటినీ చూడనక్కర్లేదు. చాలా కట్టల కింద చేలు తప్ప ఇళ్లు లేవు. తెగితే పంట పోతుంది, అది పరిహారంతో తీరే నష్టం. కట్ట కింద ఇల్లో, బడో, రోడ్డో, రైలుకట్టో, ఇంకో చెరువో ఉన్నవాటిని వేరుచేస్తే ఒక మండలానికి తేలే జాబితా పొట్టిదే అవుతుంది. దాన్ని తయారుచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఏన్కూరు తహసీల్దారు, ఇరిగేషన్ ఏఈ, అటవీ రేంజి అధికారి, పంచాయతీ కార్యదర్శులు ఒకచోట కూర్చుని, ఊరి పెద్దలను పిలిచి అడిగితే మండలం పటం మీద గుర్తులు పెట్టడం ఒక్క రోజు పని. జాబితాలోని ప్రతి కట్టకూ ఒక యజమాని పేరు, ఒక ఫోన్ నంబరు ఉండాలి. పట్టాదారుదైతే అలుగు కట్టించే బాధ్యత అతనిది. చిన్న రైతైతే ఉపాధి హామీ పనుల్లో ఆ అలుగు కట్టిపెట్టాలి. భారం మోపి వదిలేస్తే అతను కట్ట దాచిపెట్టడం తప్ప ఏమీ చేయడు. ఇకముందు ఒర్రెకు అడ్డం పోసే ఏ కట్టకైనా ఏఈ సంతకం కావాలన్న నిబంధన రాష్ట్ర ప్రభుత్వం ఒక్క జీవోతో తేవచ్చు. తేవాలి.

చట్టం మార్చాల్సింది కూడా ఉంది. పది మీటర్ల గీతను తీసేసి, కట్ట కింద మనుషులున్నారా అన్న ప్రశ్నను దాని స్థానంలో పెట్టాలి. ఇది పార్లమెంటు చేయాల్సిన పని, టైము పడుతుంది. వానలు అంతవరకు ఆగవు.

ఏన్కూరులో, జూలూరుపాడులో, చండ్రుగొండలో, ఎక్కడైనా సరే, మీ ఇల్లు కట్ట కింద ఉంటే మే నెలాఖరులోపు ఒకసారి ఆ కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. అలుగు ముందు ఏముందో చూడండి. వెలుపలి వాలు మీద ఎండాకాలంలో కూడా పచ్చగా ఉన్న చోటు కనిపిస్తే అక్కడ ఆగండి. లోపల నీరుంటే అది ఊట. తల మీద పగుళ్లు, కుంగిన చోట్లు, కన్నాలు ఫోన్‌లో ఫొటో తీసి, తేదీ వేసి, దరఖాస్తుకు జతచేసి పంచాయతీలో ఇచ్చి రసీదు తీసుకోండి. కట్ట పక్కింటి రైతుదే అయితే ముందు అతనితోనే మాట్లాడండి; అతని పిల్లలు కూడా ఆ ఊళ్లోనే పడుకుంటారు. వాన రాత్రి ఊట బురదగా మారినట్టు కనిపిస్తే ఎవరినీ అడగకుండా కింది ఇళ్లవాళ్లను లేపి మిట్టకు చేర్చండి, 112కు ఫోన్ చేయండి. ఈసారి గ్రామసభలో రోడ్లూ పింఛన్ల తర్వాత మూడో అంశంగా మీ ఊరి కట్టలను రాయించండి.